బందరు రోడ్డుకి ఆ చివర

మా నాన్నకి ఒక మాట అలవాటు. "చార్మినార్ తూర్పు కమాను కింద నిలబడి ముక్కుసూటిగా నడుచుకుంటూ పో, బందరు వచ్చేస్తుంది" అనేవాడు. నేను హైదరాబాదులో ఉద్యోగంలో చేరి పాతికేళ్ళు. ఆ పాతికేళ్ళలో చార్మినార్ చూసింది అయిదుసార్లు, అయిదుసార్లూ ఊరి నుంచి చుట్టాలొస్తే. గాజులు బేరమాడటం, ఫోటో దిగడం, ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ మియాపూర్ చేరడం. తూర్పు కమాను ఏదో కూడా నాకు తెలీదు.

ఈ ఏడు మాకు పండగ లేదు. నాన్న సంవత్సరీకం ఇంకా కాలేదు. మా ఆవిడ పిల్లాడి దగ్గరికి బెంగళూరు బయల్దేరుతూ "మీరూ రండి, ఒక్కళ్ళూ ఇక్కడేం చేస్తారు" అంది. పాతబస్తీలో లాడ్జి తీసుకుని నాలుగు రోజులు తిరుగుతానన్నాను. "సొంత ఊళ్ళో లాడ్జి ఏంటండీ, జనం నవ్వుతారు" అంది కానీ కాదనలేదు.

నా ప్లాన్ నాన్న మాటే. గోల్కొండ సుల్తానులకి సముద్రం మీది వాకిలి మచిలీపట్నం. బందర్ అంటే పారసీలో రేవు. మన ఊరి ముద్దుపేరు అక్కడిదే. గోల్కొండ కోట నుంచి బయల్దేరిన బాట మూసీ దాటి, తూర్పుగా సాగి మా ఊరి రేవులో ఆగేది. హైదరాబాద్ ఆ బాట మీద తర్వాత మొలిచిన ఊరు. ఆ బాట పాతబస్తీలో ఎక్కడ మొదలవుతుందో అక్కణ్ణించి పడమర నుంచి తూర్పుకి నడవాలి. అంతే.

భోగి, బుధవారం

మెట్రోలో సీటు దొరికింది. సంక్రాంతికి ఊరు ఎంత ఖాళీ అవుతుందో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కూకట్‌పల్లి, అమీర్‌పేట నిద్రపోతున్నట్టున్నాయి. ఎంజీబీఎస్‌లో దిగేసరికి మాత్రం ఎక్కడి జనం అక్కడే. వీళ్ళది ఈ ఊరే మరి, పండక్కి వెళ్ళడానికి వేరే ఊరు లేదు.

అఫ్జల్‌గంజ్‌లో లాడ్జి. గదికి కిటికీ ఉంది, కిటికీకి ఎదురుగా గోడ ఉంది. కుర్రాడు తాళం చేతికిస్తూ "అన్నా, వేడినీళ్ళు పొద్దుగాల ఆరు నుంచి ఏడు దాకనే వస్తయి" అని చెప్పి వెళ్ళాడు. నాలుగు రోజుల్లో ఒక్కరోజు వచ్చాయి.

ఆటోలో పురానాపూల్ వెళ్ళాను. దారిలో ధూల్‌పేట. వినాయక చవితికి విగ్రహాలు, సంక్రాంతికి గాలిపటాలు, ఈ రెండింటికీ హైదరాబాదు మొత్తం చూసేది ఈ పేట వైపే. వీధి పొడవునా కట్టలు కట్టలుగా పతంగులు వేలాడుతున్నాయి. చరఖాకి మాంజా చుట్టించుకుంటున్న పదేళ్ళ పిల్లాడు దుకాణదారుతో పెద్దమనిషిలా బేరమాడుతున్నాడు. నేను పనిగట్టుకుని వచ్చింది వంతెన కోసం కాబట్టి ఎక్కువసేపు ఆగలేదు. ఆగాల్సింది.

పురానాపూల్ 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కట్టించింది. 22 కమానులు. మనవాళ్ళు ఈ ఇబ్రహీంని 'మల్కిభరాముడు' అన్నారు. సింహాసనం ఎక్కకముందు ప్రాణభయంతో ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకుని, అక్కడే తెలుగు రుచి మరిగి వచ్చిన సుల్తాను. తెలుగు కవుల చేత కావ్యాలు చెప్పించుకున్నాడు. అచ్చ తెలుగులో మొట్టమొదటి కావ్యమైన 'యయాతి చరిత్ర'ని పొన్నిగంటి తెలగన అంకితమిచ్చింది ఈయన కొలువులోని అమీన్‌ఖాన్‌కే.

వంతెన కట్టిన సంవత్సరం దగ్గర కాసేపు ఆగాలి. అప్పటికి చార్మినార్ లేదు. హైదరాబాదే లేదు. ఊరు పుట్టింది 1591లో, అంటే వంతెన తర్వాత 13 ఏళ్ళకి. ఊరు లేని చోట ఇంత వంతెన ఎవరికోసం? నాకు తోచిన జవాబు ఒకటే, బాట కోసం. కోట నుంచి తూర్పుకి పోయే బళ్ళు, ఎడ్లు, సరుకు ఏటి దగ్గర ఆగిపోకుండా.

జనం చెప్పుకునే కథ వేరే. యువరాజు ముహమ్మద్ కులీ అవతలి ఒడ్డునున్న భాగమతి కోసం వరద ఏట్లో గుర్రాన్ని దూకించాడట, కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి వంతెన కట్టించాడట. వంతెన పూర్తయ్యేనాటికి ఆ ప్రేమికుడికి పట్టుమని పద్నాలుగేళ్ళు లేవు. అసలు భాగమతి ఉందా లేదా అన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చుకోలేదు. అయినా నాకు ఆ కథంటే కోపం లేదు. సరుకు బళ్ళ కోసం కట్టారంటే ఎవరు పాట కడతారు?

ఫ్రాన్సు నుంచి వచ్చిన వజ్రాల వర్తకుడు టావెర్నియే ఈ వంతెనని పారిస్‌లోని పాంట్ నఫ్ వంతెనతో పోల్చాడు. ఇప్పుడు దాని మీద కూరగాయల బళ్ళు. బండ్ల మధ్యనుంచి కిందికి తొంగి చూస్తే మూసీ నల్లగా, నురగలు కక్కుతూ పోతోంది. వాసన గురించి చెప్పను, హైదరాబాదు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒడ్డున పాత దర్వాజా నిలబడే ఉంది. ఒకప్పుడు ఊరి చుట్టూ గోడకి పదికి పైగా పెద్ద దర్వాజాలు, చిన్న కిటికీలు ఉండేవి. ఇప్పుడు మిగిలినవి ఇదీ, తూర్పున దబీర్‌పురా దర్వాజా. తక్కినవన్నీ బస్సు బోర్డుల మీద బతుకుతున్నాయి: లాల్ దర్వాజా, ఫతే దర్వాజా, అలియాబాద్.

సాయంత్రం వంతెనకి ఇవతల, గోల్కొండ దారిలో కార్వాన్ వెళ్ళాను. పేరులోనే ఉంది, బిడారులు దిగిన చోటు. వజ్రాలు సానపట్టించి అమ్మింది ఈ చుట్టుపక్కలే. గోల్కొండ వజ్రం అంటారు కానీ గోల్కొండలో ఒక్క గనీ లేదు. రాళ్ళు దొరికింది కృష్ణ ఒడ్డున కొల్లూరులో, మన పల్నాడులో. ఆ గనిలో 60,000 మంది పనిచేస్తున్నారని రాసినవాడు కూడా టావెర్నియేనే. తవ్వింది అక్కడ, పేరొచ్చింది ఇక్కడ. కొత్తేం కాదుగా.

కార్వాన్‌లో టోలీ మసీదు ఉంది, 1671 నాటిది. మసీదంటే నా కళ్ళకి పెద్దగా తేడాలు తెలియవు కానీ దీని మినార్ల మీద గచ్చు పని చూస్తే తెలియనివాడు కూడా ఆగుతాడు. సున్నంతో పూలు అల్లినట్టుంది. దీన్ని దమ్‌డీ మసీదు అని కూడా అంటారు. మక్కా మసీదు పనులు చూసిన మూసాఖాన్ అక్కడ ఖర్చయ్యే ప్రతి రూపాయికీ ఒక దమ్‌డీ, అంటే ఆనాటి చిల్లర నాణెం చొప్పున తనవాటా తీసుకుని, ఆ డబ్బుతో ఇది కట్టించాడట. కమిషన్ తిని గుడి కట్టినవాళ్ళని చూశాం, మసీదు కట్టినవాణ్ణి ఇదే వినడం.

సంక్రాంతి, గురువారం

పొద్దున్న ఆరున్నరకి చార్మినార్ దగ్గరున్నాను. ఆ వేళప్పుడు చూడాలి. పావురాలు, చాయ్ దుకాణాల పొగ, ఊడుస్తున్న మున్సిపాలిటీ ఆడవాళ్ళు. నిండా చీకటి పోలేదు. చుట్టూ బళ్ళు లేకపోతే ఆ కట్టడం రెండింతలు కనిపిస్తుంది.

చాయ్ దగ్గర ఒక తమాషా జరిగింది. పక్కన నిలబడి ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటున్న పెద్దాయన "కహాఁ సే?" అన్నాడు. అలవాటుగా "బందర్ సే" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "హమ్ సబ్ బందర్ సేచ్ ఆయే నా మియా" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ పగలబడి నవ్వారు. కోతి నుంచి రానివాడెవడు అని ఆయన భావం. మచిలీపట్నం అని చెప్పాక "అచ్ఛా, మచ్లీ!" అని ఇంకోసారి నవ్వాడు. మొత్తానికి నా చాయ్ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

టికెట్ తీసుకుని పైకెక్కాను. శిఖరం దాకా 149 మెట్లు, మనల్ని మొదటి అంతస్తు దాకానే రానిస్తారు. మలుపు మెట్లు నిలువుగా, ఇరుగ్గా ఉంటాయి. ఎదురుగా ఎవరైనా దిగుతుంటే ఇద్దరిలో ఒకరు గోడకి అతుక్కోవాలి. మోకాళ్ళు బాగున్న వయసులోనే చూసి పెట్టుకోండి.

పైన బాల్కనీలో నాలుగు దిక్కులకీ నాలుగు కమానులు, వాటి నెత్తిన 1889లో పెట్టిన గడియారాలు. ఒక్కో పక్క 20 మీటర్లు, మినార్ల ఎత్తు దాదాపు 49 మీటర్లు. కొలతలు ఎక్కడైనా దొరుకుతాయి. పైనుంచి చూస్తేనే తెలిసేది ఇంకోటుంది. నాలుగు కమానుల్లోంచి నాలుగు రోడ్లు నలువైపులా తాడు పట్టి గీసినట్టు పోతున్నాయి. ఊరంతా సందులు గొందులే, ఈ నాలుగు మాత్రం తిన్నగా. ముహమ్మద్ కులీ కొలువులో పీష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఈ ఊరికి నక్షా గీశాడంటారు. ఇరాన్ నుంచి వచ్చినవాడు, ఇస్ఫహాన్ లాంటి ఊరు కట్టాలనుకున్నాడు. అందుకు ఆయన ఎంచుకున్న చోటు మాత్రం ఉన్న బాట మీదే. పడమటి కమానులోంచి లాడ్ బజార్ మీదుగా నిన్న నేను చూసిన వంతెన, ఆవల గోల్కొండ. తూర్పు కమానులోంచి సర్దార్ మహల్ పక్కగా పోయేది మా ఊరి దారి.

తూర్పు వైపు నిలబడి చాలాసేపు చూశాను. వైర్లు, నీళ్ళ ట్యాంకులు, డాబాల మీద పతంగులు ఎగరేస్తున్న పిల్లలు. ఒక ఎర్ర పతంగు తెగి మెల్లగా తూర్పుకే కొట్టుకుపోయింది. కింద పిల్లలు దాని వెంట పరుగు.

దిగాక ఉత్తరంగా నాలుగడుగులు వేస్తే చార్ కమాన్. నాలుగు పెద్ద కమానులు, నడుమ గుల్జార్ హౌజ్ ఫౌంటెన్. 1592 నాటివి. ఈ చౌక్ అప్పట్లో రాజు గారి వాకిలి. పడమటి కమాను దాటితే అంతఃపురాలు. దాని పేరు సెహ్రె బాతిల్, మంత్రాలు చేతబడులు పారకుండా విరిచేది అని అర్థం. జనం నోట్లో నలిగి షేర్ బాతిల్ అయి పులి వచ్చి చేరింది. 1687లో ఔరంగజేబు గోల్కొండ పట్టుకున్నాక ఆ అంతఃపురాల్లో ఒక్కటీ మిగల్లేదు. వాకిలి ఉంది, ఇల్లు లేదు. ఇప్పుడు ఆ వాకిట్లో బంగారం దుకాణాలు.

ఉత్తరం వైపుది మచ్లీ కమాన్. పొద్దున పెద్దాయన నవ్వు గుర్తొచ్చింది. చేప వీళ్ళకి శుభం. ఊరు కడుతూ ముహమ్మద్ కులీ, ఏట్లో చేపలున్నట్టు నా ఊళ్ళో జనం నిండాలి అని దేవుణ్ణి వేడుకున్నాడట. దక్కనీలో ఆయన రాసుకున్న కవిత్వంలో ఉందా మాట. ఆ కవిత్వంలో తెలుగు మాటలూ దొర్లుతుంటాయి. గుల్జార్ హౌజ్ దగ్గర బండి మీద వెన్న దోశ తింటూ, భుజానికి భుజం రాసుకుంటూ పోయే జనాన్ని చూసి, ఆ కోరిక కాస్త ఎక్కువే తీరిందనిపించింది.

మధ్యాహ్నం లాడ్ బజార్. ఎవరు పిలిచినా వెనక్కి తిరక్కుండా నడవడం ఒక విద్య, నాకు రాలేదు. అరవై దాటిన దుకాణదారు ఒకాయన స్టూలు వేసి కూర్చోబెట్టి, "తీసుకునుడు తర్వాత సాబ్, పైలె దేఖో" అన్నాడు. లక్కని పెనం మీద కరిగించి, కర్రతో సాగదీసి, తీగలా చేసి వేడిమీదే గుండ్రంగా వంచుతారు. మళ్ళీ సెగ చూపించి మెత్తబడగానే రాళ్ళు ఒక్కోటి సూదిమొనతో అద్దుతారు. "చేతులు కాలవా?" అన్నాను. ఆయన వేళ్ళు చూపించాడు. కొసలు నునుపుగా, రేఖలు లేకుండా ఉన్నాయి. "ఆధార్ మెషీన్‌ల పడ్తలేవు" అన్నాడు. 2024లో హైదరాబాదు లక్క గాజులకి జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ఊరిదేనన్న ముద్ర, వచ్చింది. అది వచ్చాక బేరాలు పెరిగాయా అంటే, జైపూర్ సరుకు పక్క కొట్లో సగం ధరకి వస్తుంటే గుర్తింపు ఎవరడుగుతారు సాబ్ అన్నాడు.

మా ఆవిడకి వీడియో కాల్ చేసి చూపించాను. "నాకొద్దు, చెల్లికి తీసుకోండి" అంది. టూ సిక్సా టూ ఎయిటా అని అడిగాడాయన. చెల్లి చేతి కొలత నాకు తెలీదు. రెండూ తీసుకున్నాను.

కనుమ, శుక్రవారం

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. నేను కదిలాను, ఫలితం అనుభవించాను. పదింటికి నిజాముల ప్యాలెస్ చౌమహల్లా గేటు ముందు నిలబడితే సెక్యూరిటీ మనిషి బోర్డు వైపు చెయ్యి చూపించాడు. శుక్రవారం సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియం కూడా శుక్రవారం తీయరు. పాతికేళ్ళు ఈ ఊళ్ళో ఉండి నాకు ఈపాటి కూడా తెలీదని ఇంటికి చెప్పలేదు.

అక్కణ్ణించి మక్కా మసీదు. జుమ్మా నమాజుకి ఇంకా వ్యవధి ఉంది. చెప్పులు విడిచి లోపలికి వెళ్తే చలికాలపు పొద్దున కూడా రాయి పాదాలకి జివ్వుమంది. ఇది 1617 ప్రాంతంలో మొదలై 1694కి పూర్తయింది. పునాది వేసిన సుల్తాను పోయాడు, కొడుకు పోయాడు, ఆ వంశమే పోయింది. కట్టడం పూర్తి చేసింది వాళ్ళ రాజ్యాన్ని మింగిన ఔరంగజేబు. నడి కమానుకి వాడిన ఇటుకల్లో మక్కా మట్టి కలిపారని, అందుకే ఆ పేరని చెబుతారు.

నన్ను ఆకట్టుకున్నది రాయి. పనులు జరుగుతుండగా చూసిన టావెర్నియే రాశాడు: మిహ్రాబ్ వైపు, అంటే నమాజుకి దిక్కు చూపే గూటి వైపు, పెట్టే ఒక్క రాయిని కొండ నుంచి విడదీయడానికే 500, 600 మందికి అయిదేళ్ళు పట్టిందట. దాన్ని లాగడానికి 1,400 ఎడ్లు. కనుమ నాడు పశువులకి దండం పెట్టే ఆనవాయితీ మాది. దణ్ణం పెట్టడానికి ఒక్క ఎద్దు కనిపించలేదు గానీ ఆ రాయి ముందు నిలబడి ఆ 1,400 జతల కొమ్ములనీ తలుచుకున్నాను.

ప్రాంగణానికి ఒక పక్క వరసగా నిజాముల సమాధులు. రెండో ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ నుంచి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దాకా, ఆ తర్వాత 2023లో ముకర్రమ్ జా. ప్రపంచంలో కెల్లా ధనవంతుడనిపించుకున్న ఏడో నిజాం ఇక్కడ లేడు, కింగ్ కోఠీలో తల్లి దగ్గర ఉన్నాడు. 2007 మేలో బాంబు పేలింది కూడా ఈ ప్రాంగణంలోనే, ఒక శుక్రవారం. గేటు దగ్గర తనిఖీ అప్పటిది. జనం పెరగడం మొదలవగానే బయటికొచ్చేశాను.

మధ్యాహ్నం బాద్షాహీ ఆషుర్‌ఖానా. పత్తర్‌గట్టి వెనక్కి తిరిగితే, ఆటో స్పేర్ పార్టుల కొట్ల నడుమ, బయటికి ఏమీ తెలియనివ్వకుండా ఉంటుంది. నాలుగు రోజుల్లో నా కళ్ళు నిజంగా చెదిరింది ఇక్కడే. 1590ల్లో ముహమ్మద్ కులీ మొహర్రం పీర్ల కోసం కట్టించాడు. గోడల నిండా రంగు పలకలు పొదిగిన పని. నీలం, పసుపు, ఆకుపచ్చ. నాలుగొందల ఏళ్ళయినా నిన్న కాల్చి తీసినట్టున్నాయి. మొహర్రం అంటే మా చిన్నప్పుడు బందరులో పీర్ల పండగ. మా వీధిలో నిప్పులు తొక్కేవాళ్ళలో సగం మంది హిందువులు. మా నాయనమ్మ పీర్లకి బెల్లం పానకం పంపేది.

కొంచెం ఎత్తుకి కింద మాత్రం పలకలు లేవు, రంగుతో పూసిన బొమ్మలున్నాయి. అక్కడి మనిషి గోడ మీద తన ఛాతీ ఎత్తున చెయ్యి ఆనించి "తుగ్యానీ" అన్నాడు. ఒక్క మాట. వరద.

సాయంత్రం దాకా నా తల్లో అదే మాట. లాడ్జికి నడిచే దూరంలో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాన్ని పట్టుకుని వేలాడినవాళ్ళు 150 మంది దాకా బతికారు. ఊరు మొత్తంలో పోయినవాళ్ళు దాదాపు 15,000. కూలిన ఇళ్ళు 19,000. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ దెబ్బతింటే నిలబడింది అన్నిటికంటే పాతది, పురానాపూల్. మహబూబ్ అలీఖాన్ తన మహళ్ళ తలుపులు తీయించి జనాన్ని లోపలికి రానిచ్చాడు. ఏటికి పసుపు కుంకాలు, చీర, గాజులు సమర్పించి శాంతించమని వేడుకున్నాడని, దివాను కిషన్ పర్షాద్ చెప్పగా లాల్ దర్వాజా అమ్మవారికి మొక్కాడని పాతబస్తీ మొత్తం చెబుతుంది. అక్కడ బోనాలు ఆ ఏటి నుంచే అంటారు.

మొక్కులతో ఆగలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఆయన సలహా మీద ఊరికి ఎగువన 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్ వచ్చాయి. 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కూలిన చోట రోడ్లు వెడల్పు చేసింది. పత్తర్‌గట్టి రాతి కమానుల బజారు అప్పటిదే. ఏటి ఇవతల ఆసుపత్రి, అవతల హైకోర్టు, సిటీ కాలేజీ. మనం పాతబస్తీ అందం అనుకునే దాంట్లో చాలావరకు ఆ వరద మిగిల్చిన ఖాళీలో లేచిందే.

ఆసుపత్రి పాత భవనంలోకి 2020లో వాననీళ్ళు చేరాక రోగుల్ని ఖాళీ చేయించారు. గుమ్మటాల మీద మొక్కలు మొలిచాయి. 2025 సెప్టెంబరులో ఎగువ నుంచి నీళ్ళు వదిలితే మూసీ వచ్చి ఎంజీబీఎస్ బస్టాండులో నిలబడింది. టీవీలో చూశాను. నేను బుధవారం దిగింది అక్కడే, గోడ మీద మరక కోసం చూడాలని అప్పుడు తోచలేదు.

చింతచెట్టు కింద ఒక ఆడమనిషి పేషెంటు తాలూకు క్యారేజీ విప్పి అన్నం తింటోంది. కర్నూలు నుంచి వచ్చారట. చెట్టు సంగతి చెప్పాను. పైకి చూసి, "నీడ బాగుంది సార్" అంది.

ముక్కనుమ, శనివారం

చౌమహల్లా చూశాను. సలాబత్ జంగ్ 1750లో మొదలుపెట్టింది, 1869కి అయిదో నిజాం పూర్తి చేసింది. దర్బారు హాల్లో 19 షాండిలియర్లు, షెడ్డులో పసుపు రంగు రోల్స్ రాయిస్. బాగుంది, శుభ్రంగా ఉంది, జనం సెల్ఫీలు దిగుతున్నారు. నాకెందుకో మనసు లగ్నం కాలేదు. తప్పు దానిది కాదు. మూడు రోజులు దుమ్ములో తిరిగినవాడికి పచ్చిక బయలు చూస్తే కూర్చోవాలనిపిస్తుంది, చూడాలనిపించదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే మనిషి గడియారం ఇంతకు ముందు చూసిందే. వదిలేశాను.

షాలిబండ దగ్గర హరిబౌలిలో అక్కన్న మాదన్న గుడికి వెళ్ళాను. మహంకాళి గుడి. చివరి సుల్తాను తానాషా దగ్గర మంత్రాంగం నడిపిన అన్నదమ్ముల పేరు మీద. భద్రాద్రి రామదాసుకి మేనమామలు. గోల్కొండ కూలబోయే ముందు వాళ్ళని నడివీధిలో చంపారు. బోనాలప్పుడు ఈ గుడి నుంచే ఏనుగు మీద ఘటం బయల్దేరుతుంది.

మా వైపు వాళ్ళకి ఈ పేర్లు కొత్త కాదు. బెజవాడలో ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహలున్నాయి. గుహలు వాళ్ళకంటే వెయ్యేళ్ళు పాతవి, పేరు మాత్రం వాళ్ళది. బందరు దారిలో వాళ్ళు అక్కడ మకాం చేసేవారట. ఇంకా ముందుకెళ్తే కూచిపూడి. తానాషా 1678లో బందరు వెళ్తూ అక్కడ భాగవతుల ఆట చూసి ఊరు ఊరంతా అగ్రహారంగా రాసిచ్చాడని చెబుతారు. అంటే నేను చిన్నప్పటి నుంచి బస్సు కిటికీలోంచి చూసిన ఊళ్ళన్నీ ఈ బాటకి కట్టిన ముళ్ళే. నాన్న ఇవన్నీ విడివిడిగా చెప్పేవాడు. కలిపి చెప్పాడో లేదో, నేను వినలేదో.

మధ్యాహ్నం తూర్పు కమాను కింద నిలబడి నడక మొదలుపెట్టాను. సర్దార్ మహల్, కోట్లా అలీజా, ఆ తర్వాత మీర్ జుమ్లా తాలాబ్, తాలాబ్ కట్ట. కట్ట పేరు మిగిలింది, చెరువు ఇళ్ళ కింద ఉంది. మీర్ జుమ్లా అన్నది పదవి పేరు. ఆ పదవి చేసినవాళ్ళలో ఎక్కువ పేరు మోసినవాడు ముహమ్మద్ సయీద్, వజ్రాల వర్తకుడు, తర్వాత మొగలాయిల్లో కలిసిపోయినవాడు. అంతకుముందు ఆయన చేసిన ఉద్యోగం మచిలీపట్నం హవల్దారు, అంటే ఇప్పటి పోలీసు హవల్దారు కాదు, ఊరి పాలనాధికారి. మా ఊరి నుంచి బదిలీ మీద హైదరాబాదు వచ్చినవాళ్ళలో నేను మొదటివాణ్ణి కాను.

యాకుత్‌పురా దాటేసరికి కాళ్ళు ఒప్పుకోలేదు. ఆటో ఎక్కి ఎల్బీనగర్, అక్కణ్ణించి బస్సులో హయత్‌నగర్. రోడ్డు పక్కనే, సెల్‌ఫోన్ షాపుల వెనక, హయాత్ బక్షీ బేగం మసీదు, సరాయి ఉన్నాయి. ముహమ్మద్ కులీ కూతురు, తర్వాతి సుల్తానుకి భార్య, ఆ పై సుల్తానుకి తల్లి. జనం మా సాహెబా అనేవారు. మన మాసాబ్ ట్యాంక్ ఆమె పేరే. బందరు నుంచి వచ్చే బాటసారులు రాత్రికి దిగడానికి చుట్టూ నూటపాతిక పైన గదులు. ఇవతల దిగి, ఒళ్ళు కడుక్కుని, పొద్దున్నే ఊళ్ళోకి.

గదులు చాలావాటికి తలుపుల్లేవు. ఒకదాని గుమ్మంలో కూర్చున్నాను. నాలుగు వందల ఏళ్ళ కిందటి లాడ్జి. ఇక్కడ వేడినీళ్ళు వచ్చేవో లేదో.

ప్రహరీ అవతల జాతీయ రహదారి 65. పుణె నుంచి వచ్చి మచిలీపట్నంలో ఆగిపోతుంది. పండక్కి వెళ్ళినవాళ్ళు అప్పుడే తిరిగొస్తున్నారు. ఏపీ నెంబరు కార్లు, డిక్కీల్లోంచి బయటికొచ్చిన అరటిగెలలు, బియ్యం మూటలు, అద్దాలకి ఆనుకుని నిద్రపోతున్న పిల్లలు, ఒకదాని వెనక ఒకటి ఊళ్ళోకి పాకుతున్నాయి. వెళ్ళే వైపు రోడ్డు ఖాళీ.

చెల్లి ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఎక్కడున్నావు, ఆ హోరేంటి?"

"బందరు రోడ్డు మీద" అన్నాను.

"వస్తున్నావా? చెప్పొచ్చు కదా, వదిన కూడానా? అన్నం వండనా?"

గాజుల సైజు అడుగుదామని ఫోన్ తీశాను, అడగడం మర్చిపోయాను. సూర్యాపేట బస్సు ఒకటి వచ్చి ఆగింది. కండక్టరు తలుపులోంచి వంగి, ఎక్కుతావా లేదా అన్నట్టు చూశాడు.